ఆకులో ఇనుము ఉంది, పనిలో లేదు

ప్రశ్న: సున్నపు నేలలో వేసిన మా నారింజ తోటకు ఆరేళ్లు. రెండేళ్లుగా కొత్త చిగురు వచ్చినప్పుడల్లా లేత ఆకులు పాలిపోయి పసుపు రంగుకు తిరుగుతున్నాయి. ఈనెలు మాత్రం సన్నని పచ్చ వలలా మిగులుతున్నాయి. ఆకులను పరీక్షకు పంపితే ఇనుము 110 పీపీఎం (పది లక్షల వంతుల్లో 110) ఉందని, అది సరిపోయే మోతాదేనని నివేదిక వచ్చింది. ఒక సలహాదారు తోట చూసి, "పోషకాలు బాగానే ఉన్నాయి, చెట్లలో ఎంజైములు తగ్గిపోయాయి" అని చెప్పి ఎంజైము ద్రావణం పిచికారీ చేయమన్నాడు. జీవరసాయన శాస్త్రం చదువుతున్న మా అమ్మాయి అది వద్దంటోంది. ఆకులో పెరాక్సిడేజ్ అనే ఎంజైమును కొలిస్తే అసలు సంగతి తెలుస్తుందంటోంది. ఎవరి మాట వినాలి? అసలు పోషకానికీ ఎంజైముకూ సంబంధం ఏమిటి?

సమాధానం: మీ అమ్మాయి మాట వినండి, కొన్ని షరతులతో. ఆ షరతులు చివర్లో చెబుతాను. సలహాదారు చెప్పినదాంట్లోనూ సగం నిజం ఉంది. మీ చెట్ల ఆకుల్లో కొన్ని ఎంజైములు తగ్గి ఉండటం చాలావరకు నిజమే కావచ్చు. అవి ఎందుకు తగ్గాయన్న ప్రశ్న వేసుకోకుండా ఆయన నేరుగా సీసా దగ్గరికి వెళ్లిపోయాడు. ఇక ప్రయోగశాల తప్పు చేసిందని కూడా అనలేను. అది లెక్కపెట్టమన్నదాన్ని లెక్కపెట్టింది.

ఎంజైము అంటే ఒక ప్రొటీను. ఆకులో జరిగే దాదాపు ప్రతి రసాయన చర్యనూ వేగంగా నడిపించేది అదే. చాలా ఎంజైములు ఒట్టి ప్రొటీనుగా ఉన్నంతకాలం పనిచేయవు. వాటి నడుమ ఒక లోహపు పరమాణువు కూర్చోవాలి. ఒక్కో ఎంజైముకు ఒక్కో లోహం: కొన్నింటికి ఇనుము, కొన్నింటికి జింకు, కొన్నింటికి రాగి. మాలిబ్డినం కావలసినవీ ఉన్నాయి. ఆ లోహం దొరక్కపోతే ప్రొటీను ఖాళీ పిడిలా ఉండిపోతుంది, లేదా ఆకు దాన్ని విరగ్గొట్టి వేరే పనికి వాడుకుంటుంది. అందుకే ధాతులోపం కంటికి కనిపించడానికి ముందే ఎంజైములో కనిపిస్తుంది. ఆకు పసుపెక్కడం ఈ కథలో చివరి ఘట్టం.

ఇప్పుడు మీ 110 పీపీఎం సంగతి. నిమ్మజాతి చెట్లకు సాధారణంగా వాడే ప్రమాణాల్లో ఇనుము 60 నుంచి 120 పీపీఎం మధ్య ఉంటే చాలంటారు. కానీ ఆ ప్రమాణం వసంతకాలపు చిగురులో పుట్టి, 4 నుంచి 6 నెలల వయసు వచ్చిన, కాయలేని రెమ్మ మీది ఆకులకు. మీరు పంపినవి పాలిపోయిన లేత ఆకులైతే ఆ అంకెతో పోల్చడమే కుదరదు. ఆకులను పలుచని సబ్బునీటితోనో, పలుచని ఆమ్లంతోనో కడిగి తర్వాత శుద్ధజలంతో జాడించారా లేదా అన్నది ఇంకో ప్రశ్న. మట్టి దుమ్ములో ఇనుము దండిగా ఉంటుంది. ఆకు మీద పేరుకున్న దుమ్ము కూడా యంత్రం కంటికి ఇనుమే.

ఇవన్నీ సరిగ్గా జరిగినా సమస్య తీరదు. సున్నపు నేలల్లో పెరిగే పండ్లచెట్లలో ఒక వింత తరచుగా ఎదురవుతుంది: పసుపెక్కిన ఆకులోనూ, పచ్చటి ఆకులోనూ మొత్తం ఇనుము దాదాపు సమానంగా ఉంటుంది, కొన్నిసార్లు పసుపు ఆకులోనే ఎక్కువ. దీనికి రెండు కారణాలు చెబుతారు. లోపం వల్ల ఆకు పెరుగుదల కుంటుపడి, వచ్చిన కొద్ది ఇనుమూ చిన్న ఆకులో చిక్కగా కనిపించడం మొదటిది. ఇనుము ఆకు దాకా వచ్చినా కణం లోపలికి చేరకుండా కణాల గోడల దగ్గరే, కరగని రూపంలో చిక్కుపడిపోవడం రెండవది. ఈ రెండింటిలో దేని వాటా ఎంత అన్న దానిపై శాస్త్రవేత్తల మధ్య వాదన ఉంది. పాలిపోయిన ఆకుల మీద ఇనుము ఏమీ కలపకుండా పలుచని ఆమ్లం మాత్రమే చల్లితే కొంత పచ్చదనం తిరిగివచ్చిన ప్రయోగాలు ఉన్నాయి. అంటే లోపల సరుకు ఉంది, తాళం పడి ఉంది. హాజరు పట్టీలో పేరున్నంత మాత్రాన మనిషి పనిలో ఉన్నట్టు కాదు కదా. ప్రయోగశాల హాజరు తీసుకుంది. మీ అమ్మాయి పని చూడమంటోంది.

పత్రహరితంలో ఇనుము ఉండదు. దాని నడుమ ఉండేది మెగ్నీషియం. మరి ఇనుము తగ్గితే ఆకు ఎందుకు పాలిపోతుంది? పత్రహరితాన్ని తయారుచేసే వరుసలో ఒక మెట్టును నడిపే ఎంజైముకు ఇనుము కావాలి. అక్కడ పని ఆగితే సరుకు బయటికి రాదు. ఆకు కణంలోని ఇనుములో చాలా భాగం, దాదాపు 80 శాతం దాకా, హరితరేణువుల్లోనే ఉంటుంది కాబట్టి దెబ్బ ముందు అక్కడే తగులుతుంది. అదే సమయంలో ఇనుము మీద ఆధారపడే మరో రెండు ఎంజైములు పడిపోతాయి. ఒకటి కెటలేజ్, రెండోది పెరాక్సిడేజ్. ఆకులో నిత్యం పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడు అనే విషాన్ని విరగ్గొట్టి ఖర్చుచేసేవి ఇవి. ఇవి తగ్గితే ఎండకు ఆకు తొందరగా మాడుతుంది. పాలిపోయిన చిగురు అంచులు దక్షిణం, పడమర వైపు ముందుగా కమలడం మీరు గమనించే ఉంటారు.

దీన్ని కళ్లారా చూడాలంటే ప్రయోగశాల అక్కర్లేదు. ఒకే వయసున్న పాలిపోయిన ఆకు ఒకటి, ఆరోగ్యంగా ఉన్న మరో చెట్టు ఆకు ఒకటి తీసుకోండి. కాగితాలకు చిల్లులు వేసే పరికరంతో రెండింటి నుంచీ పది పది బిళ్లలు కత్తిరించండి, మధ్య ఈనె తగలకుండా. ఒక్కొక్క చెంచాడు చల్లని నీళ్లు పోసి విడివిడిగా నూరి, రెండు సన్నటి గాజు గొట్టాల్లో పోయండి. మందుల దుకాణంలో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడు రెండింటిలోనూ సమానంగా కలపండి. కెటలేజ్ ఉన్న గొట్టంలో బుడగలు లేచి నురుగు పైకి పాకుతుంది. తక్కువ ఉన్నదానిలో నురుగు బద్ధకంగా లేచి మధ్యలోనే ఆగుతుంది. ఈ పరీక్ష ఏమీ నిరూపించదు, ఒక సూచన ఇస్తుంది అంతే. కానీ నురుగు ఎత్తులో తేడా చూసిన తర్వాత "ఎంజైము తగ్గింది" అన్న మాట పుస్తకాల్లోని మాటగా ఉండదు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. మొక్కలో రాగి, ఇనుము లోపాలను ఎంజైముల ద్వారా గుర్తుపట్టవచ్చని 1952లోనే అమెరికా శాస్త్రవేత్తలు జాన్ బ్రౌన్, స్టెర్లింగ్ హెండ్రిక్స్ చూపించారు. నిమ్మజాతి చెట్ల మీద ఈ దారిలో ఎక్కువ దూరం నడిచినవాడు ఇజ్రాయెల్‌కు చెందిన బార్-అకివా. ఇనుము లోపం, మాంగనీసు లోపం రెండూ ఆకు మీద ఒకేలా కనిపించి రైతును తికమకపెడతాయి. రెండింటిలోనూ ఈనెల మధ్య భాగం పాలిపోతుంది. ఈ రెండింటినీ ఎంజైములతో విడదీయవచ్చని ఆయన 1961లో ప్రకటించాడు. ఇనుము లేని ఆకులో పెరాక్సిడేజ్ పడిపోతుంది. మాంగనీసు లేని ఆకులో అది తగ్గకపోగా పెరుగుతుంది. మీ అమ్మాయి చెప్పిన పరీక్షకు మూలం ఇదే.

ఇక షరతులు. పెరాక్సిడేజ్ ఒక గాభరా మనిషి లాంటిది. పురుగు కొరికినా, వైరస్ సోకినా, చలి తగిలినా, ఆకు ముదిరినా, చివరికి కోస్తున్నప్పుడు చేతిలో నలిగినా పెరుగుతుంది. ఇనుము లోపమూ, ఆకు తొలిచే పురుగూ రెండూ ఉన్న చెట్టులో ఒకటి తగ్గించి, ఇంకొకటి పెంచి, చివరికి వచ్చే అంకె ఆరోగ్యమైన ఆకు అంకెలా కనిపించవచ్చు. అందుకని "ఇంత ఉంటే లోపం, ఇంత ఉంటే బాగు" అనే ఒకే ప్రమాణం ఎంజైములకు కుదరలేదు. ఈ పద్ధతి ఆకు పరీక్షను పక్కకు నెట్టలేకపోవడానికి అదే ముఖ్యమైన కారణం.

దీనికి బార్-అకివా పట్టుకున్న ఉపాయం నాకు ఎప్పుడూ నచ్చుతుంది. ఎంజైము ఎంత ఉందో అడగడం మానేసి, తిండి పెడితే ఎంత పెరుగుతుందో అడిగాడు. ఒకే ఆకు ముక్కలను రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని వట్టి నీళ్లలో, రెండో భాగాన్ని అనుమానం ఉన్న పోషకం కలిపిన ద్రావణంలో కొంతసేపు ఉంచి, తర్వాత రెండింటిలోనూ ఎంజైమును కొలవడం. పోషకం అందిన ముక్కలో ఎంజైము గట్టిగా పెరిగితే ఆ ఆకు ఆ పోషకానికి ఆకలిగా ఉన్నట్టు. మార్పు లేకపోతే ఆ లోపం లేనట్టు, లేదా అదొక్కటే లోపం కానట్టు. ఇక్కడ ఆకును ఇంకో ఆకుతో పోల్చడం లేదు, దానితోనే దాన్ని పోలుస్తున్నాం. పురుగు, చలి, వయసు అన్నీ రెండు ముక్కల్లోనూ సమానమే. మీ అమ్మాయి పరీక్ష చేసేటట్టయితే ఈ పద్ధతిలోనే చేయమనండి.

ఆమె కోసం ఇంకో మాట. నిమ్మజాతి ఆకు ఎంజైములు తీయడానికి మహా మొండిది. రసం పుల్లగా ఉంటుంది, ఫినాలు పదార్థాలు, సుగంధ తైలాలు నిండుగా ఉంటాయి. ఆకును నూరిన మరుక్షణం ఇవన్నీ ఎంజైము మీద పడి దాన్ని పాడుచేస్తాయి. రసం గోధుమ రంగుకు తిరిగిందంటే ఆ నమూనాను పారేయాల్సిందే. కోసిన వెంటనే మంచులో పెట్టాలి, చల్లటి ఫాస్ఫేట్ బఫర్‌లో నూరాలి, ఫినాలులను పట్టి ఉంచడానికి పాలీవినైల్ పైరోలిడోన్ కలపాలి. పెరాక్సిడేజ్‌కు గ్వాయకాల్ కలిపి 470 నానోమీటర్ల దగ్గర ఇటుక రంగు ఎంత వేగంగా పెరుగుతుందో చూస్తారు. ఫలితాన్ని ఆకు బరువుతో పాటు ప్రొటీను లెక్కన కూడా రాసుకోవాలి. పసుపు ఆకులో ప్రొటీను మొత్తంగానే తక్కువగా ఉంటుంది కాబట్టి ఒక్క బరువు లెక్క మోసం చేస్తుంది. మీ ఇంటి నురుగు పరీక్షలో ఈ జాగ్రత్తలేవీ ఉండవు, అందుకే దాన్ని సూచన అన్నాను.

మిగతా పోషకాల గురించి మీరు అడగలేదు. కానీ సున్నపు నేలలో ఇనుము ఒక్కటే దొరకని పరిస్థితి అరుదు. జింకు, మాంగనీసు కూడా వెంట ఉంటాయి.

జింకు లోపాన్ని గుర్తుపట్టడం తేలికే. ఆకులు చిన్నవై, సన్నబడి, నిటారుగా నిలబడి, కణుపులు దగ్గరపడి చిగురు గుత్తిలా కనిపిస్తుంది. ఈనెల మధ్య పసుపు మచ్చలు కొట్టొచ్చినట్టు ఉంటాయి. ఈ ఆకులో మొదట పడిపోయేది కార్బానిక్ అన్‌హైడ్రేజ్. కార్బన్ డయాక్సైడునూ బైకార్బనేటునూ ఒకదానినుంచి ఇంకొకదానిగా మార్చే ఈ ఎంజైము ప్రకృతిలోని అత్యంత వేగవంతమైన వాటిలో ఒకటి. దాని నడుమ జింకు పరమాణువు ఉంటుంది. నిమ్మజాతి ఆకుల్లో జింకు లోపానికి దీన్ని కొలబద్దగా వాడవచ్చని 1960ల చివర్లో బార్-అకివా, లావోన్ చూపించారు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ ఎంజైము ఆకులో అవసరానికి మించి చాలా ఎక్కువగా ఉంటుంది. అది సగానికి పడిపోయినా కిరణజన్య సంయోగక్రియ అంతగా తగ్గదు. అంటే అది లోపాన్ని ముందుగా చెప్పే గంట, నష్టం చేసేది అది కాదు. ఆకును చిన్నబరిచే అసలు నష్టం వేరేచోట జరుగుతుంది. ప్రొటీనుల తయారీ మందగిస్తుంది, ఆర్‌ఎన్‌ఏను విరగ్గొట్టే ఎంజైము విజృంభిస్తుంది, ఎదుగుదలను నడిపే ఆక్సిన్ తగ్గుతుంది. ఎంజైము కొలతలు చదివేటప్పుడు ఈ రెండు పాత్రలనూ కలిపేయడం చాలామంది చేసే పొరపాటు.

రాగి కథ ఇంకా తమాషాగా ఉంటుంది. శిలీంద్రాలకు రాగి మందులు కొట్టిన తోటలో ఆకు పరీక్ష చేయిస్తే రాగి వందల పీపీఎంలలో రావచ్చు, కావలసింది 5 నుంచి 16 మాత్రమే అయినా. అదంతా ఆకు పైన అంటుకున్నది. ఎంత కడిగినా పూర్తిగా పోదు. యంత్రం రాగి దండిగా ఉందంటుంది, చెట్టేమో రాగి లేక కొమ్మలు మెలితిరిగి, బెరడు కింద బంక బుడగలు కట్టి, చివర్ల నుంచి ఎండుతుంది. కానీ ఆకు లోపలి ఆస్కార్బేట్ ఆక్సిడేజ్ అనే రాగి ఎంజైమును మోసం చేయడం కుదరదు. పైన పూసిన రాగి దానికి అందదు కాబట్టి దాని పని తగ్గే ఉంటుంది. లోపలి లోహాన్ని మాత్రమే లెక్కించే కొలత ఎందుకు కావాలో చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

రాగి తగ్గినప్పుడు ఆకు చేసే పొదుపు చూస్తే ముచ్చటేస్తుంది. రాగి వాడుకునే ఎంజైముల్లో విషాలను అణిచే రాగి-జింకు సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ ఒకటి. కాంతిని ఆహారంగా మార్చే గొలుసులో ప్లాస్టోసయానిన్ అనే రాగి ప్రొటీను ఇంకొకటి. రెండోది లేకపోతే ఆకు బతకదు. మొదటిదాని పనిని ఇనుముతో నడిచే మరో ఎంజైము కొంతవరకు అందుకోగలదు. అందుకని రాగి కొరత వచ్చినప్పుడు మొక్క ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ తునకను తయారుచేసి మొదటిదాని ఉత్పత్తిని తనంతట తానే ఆపేస్తుంది, మిగిలిన రాగిని ప్లాస్టోసయానిన్‌కు మళ్లిస్తుంది. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే అరబిడాప్సిస్ అనే మొక్కలో దీన్ని వివరంగా చూశారు. కాబట్టి ఎంజైము తగ్గడం అంతా దెబ్బే అనుకోకండి. కొంత ఆ చెట్టే వేసుకున్న బడ్జెట్.

తగ్గడం దెబ్బ కానట్టే పెరగడం ఆరోగ్యమూ కాదు. భాస్వరం లోపిస్తే యాసిడ్ ఫాస్ఫటేజ్ పెరుగుతుంది. అది ఆకలి కేక, ఉన్న భాస్వరాన్ని ఎక్కడెక్కడినుంచో గీకి తెచ్చే ప్రయత్నం. మెగ్నీషియం లోపించిన ముదురు ఆకుల్లో చక్కెర బయటికి పోలేక పిండిపదార్థం పేరుకుపోతుంది, ఆ ఒత్తిడికి విషాలను అణిచే ఎంజైములు పెరుగుతాయి. ఆకు మొదట్లో పచ్చటి త్రికోణం మిగిలి చుట్టూ పసుపెక్కడం దీని ఆనవాలు. పొటాష్ లోపిస్తే ఆకులో పుట్రెసిన్ అనే పదార్థాన్ని తయారుచేసే ఎంజైము విజృంభిస్తుంది. బోరాన్ ఈ వరుసలో ఇమడదు. అది ఎంజైము నడుమ కూర్చునేది కాదు, కణాల గోడలను కుట్టే దారం. అది తగ్గితే ఈనెలు ఉబ్బి బెండులా పగులుతాయి.

నత్రజని, మాలిబ్డినం రెండూ నైట్రేట్ రిడక్టేజ్ అనే ఎంజైములో కలుస్తాయి. ఫ్లోరిడా తోటల్లో దశాబ్దాల పాటు కారణం తెలియకుండా ఉన్న పసుపు మచ్చల జబ్బు మాలిబ్డినం లోపమని 1950ల ఆరంభంలో స్టీవర్ట్, లెనార్డ్ తేల్చారు. అది ఆమ్లపు నేలల జబ్బు, సున్నపు నేలలో దాదాపు కనిపించదు. మీకు దాని భయం లేదు. కానీ నైట్రేట్ రిడక్టేజ్‌ను ఎప్పుడైనా కొలిస్తే ఎండ బాగా వచ్చాక, రోజూ ఒకే సమయానికి ఆకులు కోయాలని గుర్తుంచుకోండి. అది పగలు పెరిగి రాత్రి పడిపోతుంది. ఉదయం 6 గంటలకు కోసిన ఆకునూ 11 గంటలకు కోసిన ఆకునూ పోలిస్తే సూర్యుణ్ని కొలిచినట్టే అవుతుంది.

మందు జోలికి వెళ్లే ముందు ఒక అనుమానం తీర్చుకోండి. గ్రీనింగ్ తెగులు సోకిన చెట్టు కూడా జింకు, మాంగనీసు లోపాలను అనుకరిస్తుంది. వేర్లు చచ్చి నిజంగానే పోషకాలు అందవు కూడా. తేడా ఇది: పోషక లోపంలో మధ్య ఈనెకు రెండు పక్కలా పసుపు అద్దంలో చూసినట్టు ఒకేలా ఉంటుంది. గ్రీనింగ్‌లో ఒక పక్క ఒకలా, మరో పక్క ఇంకోలా, ఈనెలను దాటుకుంటూ మచ్చలు పడతాయి. సాధారణంగా ముందు ఒక్క కొమ్మకే పరిమితమవుతుంది, కాయలు వంకరగా ఉండి కాడ వైపు ముందు రంగు తిరుగుతాయి. అలాంటి చెట్టు ఒక్కటి కనిపించినా ఎంజైముల మాట పక్కన పెట్టి తెగులు పరీక్ష చేయించండి. మీ ఉత్తరంలో రాసిన సన్నని పచ్చ వల మాత్రం ఇనుము లోపానికి అచ్చమైన గుర్తు. మాంగనీసు అయితే ఈనెల వెంట పచ్చదనం వెడల్పు పట్టీలుగా ఉండి అంచులు మసకగా కలిసిపోతాయి.

ఇంటి దగ్గరే చేయదగిన రుజువు ఒకటుంది. లీటరు నీటిలో 2 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), అర గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలపండి. సాయంత్రం వేళ, పాలిపోయిన లేత ఆకులు పది ఎంచుకుని, ప్రతి ఆకులోనూ మధ్య ఈనెకు ఒక పక్కన మాత్రమే మెత్తటి కుంచెతో రాయండి. మరో పది ఆకులకు అలాగే వట్టి నిమ్మ ఉప్పు నీళ్లు. ఇంకో పది ఆకులకు లీటరుకు 2 గ్రాముల మాంగనీసు సల్ఫేట్. రంగు దారాలు కట్టి గుర్తుపెట్టుకోండి. పది, పదిహేను రోజుల్లో చూడండి. ఇనుము ఆకులో కదలదు కాబట్టి కుంచె తగిలిన చోట మాత్రమే పచ్చదనం వస్తుంది, మిగతా సగం పసుపుగానే ఉంటుంది. ఆ సగం సగం ఆకును చూస్తే ఇక ఎవరి నివేదికా అడగక్కర్లేదు. వట్టి నిమ్మ ఉప్పు రాసిన ఆకులు కూడా కాస్త పచ్చబడితే, మీ ఆకుల్లో ఇనుము నిజంగానే తాళం వేసుకుని కూర్చున్నట్టు. ఇది బార్-అకివా ఉపాయానికి పేద చుట్టం. ఎంజైముకు బదులు రంగును చూస్తున్నాం, అంతే.

రుజువు దొరికాక వైద్యం ఆకుకు కాదు, వేరుకు చేయాలి. నేలలో ఎక్కువగా ఫెర్రిక్ అనే రూపంలో ఉండే ఇనుమును నారింజ వేరు నేరుగా తాగలేదు. వేరు చర్మం మీద ఉండే ఫెర్రిక్ రిడక్టేజ్ అనే ఎంజైము దాన్ని ముందు ఫెర్రస్ అనే రూపానికి మార్చాలి. ఈ ఎంజైము కొద్దిగా పుల్లటి పరిస్థితిలో బాగా పనిచేస్తుంది. నేలలో పీహెచ్ (పులుపు, క్షారాల కొలత) ఒక్క మెట్టు పెరిగితే కరిగే ఫెర్రిక్ ఇనుము దాదాపు వెయ్యో వంతుకు పడిపోతుంది. దానికి తోడు సాగునీటిలో బైకార్బనేట్లు ఉంటే వేరు తన చుట్టూ విడుదల చేసుకునే కాస్త ఆమ్లాన్నీ అవి మింగేస్తాయి. కాబట్టి నేల పీహెచ్‌తో పాటు నీటిలో బైకార్బనేట్లను కూడా పరీక్ష చేయించండి. ఈ రెండోదాన్ని అందరూ మరిచిపోతారు. నీరు ఎక్కువగా కడుతున్నారేమో కూడా చూసుకోండి. తడి ఆరని నేలలో గాలి ఆడక బైకార్బనేటు పేరుకుంటుంది, చిగురు మళ్లీ పాలిపోతుంది.

నేలకు వేసే ఇనుము చీలేట్ల (ఇనుమును కరిగే రూపంలో పట్టి ఉంచే మందుల) ఎంపికలో జాగ్రత్త. ఫ్లోరిడా పుల్లటి ఇసుక నేలల్లో ఈడీటీఏ చీలేటు అద్భుతంగా పనిచేసింది. సున్నపు నేలలో అది నిలవదు, పీహెచ్ 6.5 దాటితే ఇనుమును వదిలేసి కాల్షియంను పట్టుకుంటుంది. డీటీపీఏ 7.5 దాకా ఫరవాలేదు. మీ నేలకు ఈడీడీహెచ్ఏ రకం కావాలి, అది పీహెచ్ 9 దాకా తట్టుకుంటుంది. దాని ద్రావణం ముదురు ఎరుపుగా ఉంటుంది, ఎండలో చెడిపోతుంది కాబట్టి సాయంత్రం వేసి మట్టిలోకి ఇంకేలా నీరు పెట్టాలి. చిగురు తొడిగే ముందు వేస్తేనే ఫలితం. ముదిరిన పసుపు ఆకు ఎలాగూ పూర్తిగా తిరిగిరాదు, కొత్త చిగురు రంగే మీ కొలమానం. అన్నభేది పిచికారీ తాత్కాలిక ఉపశమనం మాత్రమే, ప్రతి చిగురుకూ మళ్లీ కొట్టాలి.

మీ చెట్లు ఏ వేరుమూలం మీద కట్టిన అంట్లో కనుక్కోండి. ట్రైఫోలియేట్ నారింజ, దాని సంకరాలు చాలావాటికి సున్నపు నేల పడదు, వాటి వేరు రిడక్టేజ్ అక్కడ త్వరగా చేతులెత్తేస్తుంది. పుల్ల నారింజ, క్లియోపాత్రా వేరుమూలాలు మెరుగ్గా తట్టుకుంటాయి. ఉన్న చెట్లకు దీనివల్ల ఒరిగేదేమీ లేదు. చచ్చిన చెట్టు స్థానంలో కొత్తది నాటేటప్పుడు పనికొస్తుంది.

ఇక ఆ ఎంజైము సీసా. కెటలేజ్ లాంటి ప్రొటీను అణువు భారీగా ఉంటుంది, మైనపు పొర ఉన్న నారింజ ఆకులోంచి లోపలికి దూరలేదు. ఒకవేళ దూరినా కణపు పొరలను దాటి తాను పనిచేయాల్సిన చిన్న గదికి చేరలేదు. చేరినా, పనికొచ్చే ఇనుము చెట్టుకు అందడం లేదన్న అసలు గొడవ అలాగే ఉంటుంది. ఇంకా కొనకపోతే కొనకండి. ఇప్పటికే కొని ఉంటే ఎరువు గుంతలో పోయండి. ప్రొటీను కదా, కుళ్లితే కాసింత నత్రజని అయినా వస్తుంది.